దానిమ్మ పాకం దగ్గర పోయిన నా పరువు

నిన్న ఆదివారం మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వేళ్లకు ఇంకా పొగ వాసన వదల్లేదు. కోపం కూడా పూర్తిగా వదల్లేదు.

నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట ఊరు వచ్చేశాను. అక్కడ ఫర్వానియా అనే పేటలో నలుగురు కోనసీమ వాళ్లం ఒకే గదిలో ఉండేవాళ్లం. మాతో పాటు స్టోర్స్‌లో ఒక సిరియా ఆయన పనిచేసేవాడు. హలబ్ ఆయన సొంతూరు, ఇంగ్లీషు పేపర్లు అలెప్పో అని రాస్తాయే, అదే. గురువారం వచ్చిందంటే ఇంటి నుంచి ఒక డబ్బా తెచ్చేవాడు. కాల్చిన వంకాయ గుజ్జులో నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం కలిపి, పైన ఆలివ్ నూనె పోసి, ఆ నూనె మీద తేనెలా జారే నల్లటి దానిమ్మ పాకం వేసేవాడు. ఖుబ్బూస్, అంటే అరబ్బుల రొట్టె, తుంచి అద్దుకుని తినడమే. ముందు పొగ తగులుతుంది, వెనకే పులుపు, మింగేశాక మెల్లగా తీపి. మా గదివాళ్లు ముగ్గురూ "ఇదేం తిండిరా, ఉప్పూ కారం లేకుండా" అనేవాళ్లు. నేను మాత్రం డబ్బా తుడిచేసేవాణ్ణి.

నువ్వుల ముద్ద కలిపితే దాని పేరు ముతబ్బల్ అనీ, అది లేకుండా టమాటా, ఉల్లిపాయ తరిగి వేసి దానిమ్మ పాకం కలిపితే బాబా గనూజ్ అనీ ఆయన చెప్పేవాడు. ఆయన డబ్బాలో ఉండేది ఈ రెంటి కలగలుపు. అడిగితే "మా అమ్మ ఇలాగే చేసేది" అని తేల్చేసేవాడు. బాబా అంటే నాన్న, గనూజ్ అంటే గారాలు పోయేవాడు. వంకాయకు ఇంత ముద్దు పేరు మనవాళ్లు పెట్టలేకపోయారు.

సరే, మా అక్కా బావగారూ పిల్లలతో వస్తున్నారు కదా, ఇది చేసి పెడదామనుకున్నాను. శనివారం పొద్దున్నే ఇంట్లో ప్రకటించాను కూడా. అక్కడే తప్పు జరిగింది. వంట పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు.

వంకాయల సంగతి తేలిక. లావుపాటి నల్ల వంకాయలు నాలుగు, ఒక్కొక్కటి సుమారు 400 గ్రాములు. సైజుకు తగ్గ బరువు లేకుండా తేలిగ్గా ఉన్నవి ఏరుకున్నాను, వాటిలో గింజ తక్కువ. నూనె రాసి, చాకు మొనతో నాలుగైదు చోట్ల పొడిచి, పెరట్లో కొబ్బరి చిప్పల నిప్పుల మీద పడేశాను. మా కోనసీమలో చిప్పలకు కొదవేముంది? గ్యాస్ మంట మీద కూడా చేసుకోవచ్చు గానీ చిప్పల పొగ ఆ మంటకు రాదు. పొడవడం మర్చిపోతే లోపలి ఆవిరికి వంకాయ పగిలి మొహం మీదికి చిమ్ముతుంది. ఇరవై నిమిషాల్లో తొక్క బొగ్గయి, కాయ చతికిలబడింది. గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెట్టి, చేత్తో తొక్క ఒలిచి, గుజ్జును చిల్లుల గిన్నెలో అరగంట వదిలేశాను. దాదాపు అర గ్లాసు నీరు దిగింది. ఆ నీరు తీయకపోతే తర్వాత అంతా జావ అవుతుంది. తొక్క త్వరగా ఊడుతుందని కుళాయి కింద కడిగేవాళ్లున్నారు. వీడియోల్లో కూడా చూశాను. అంతసేపు పట్టించిన పొగనంతా తూములో పోయడమే అది.

నువ్వుల ముద్ద ఇంకా తేలిక. తెల్ల నువ్వులు రంగు మారకుండా, వేడెక్కేదాకా మాత్రమే వేయించి, కాస్త నూనెతో మెత్తగా రుబ్బాలి. ఎర్రగా వేయిస్తే అది నువ్వుపొడి వాసన కొడుతుంది. నిమ్మరసం పోయగానే ముద్ద బిగుసుకుని సిమెంటులా అవుతుంది, అప్పుడు కంగారుపడొద్దు. రెండు చెంచాల చల్లటి నీళ్లు పోసి కలుపుతుంటే తెల్లగా, మెత్తగా వదులవుతుంది.

ఇక దానిమ్మ పాకం. అరబ్బీలో దిబ్స్ రుమ్మాన్ అంటారు. నా పరువు పోయింది ఇక్కడే.

నిజానికి ఇది ఇంట్లో చేయాల్సిన పనే కాదు, సీసా కొనుక్కుంటే పోయేది. వచ్చేటప్పుడు రెండు సీసాలు తెచ్చుకున్నాను. ఒకటి పెట్టెలోనే పగిలి నా తెల్ల చొక్కాలన్నిటినీ పాడుచేసింది, రెండోది ఆర్నెల్లలో అయిపోయింది. పోయిన నెల పట్నం వెళ్లినప్పుడు విదేశీ సరుకులమ్మే పెద్ద కొట్టులో ఒక సీసా కనిపిస్తే 540 రూపాయలు పెట్టి కొన్నాను. టర్కీ సరుకు, మీద ఎర్రగా దానిమ్మ బొమ్మ. ఇంటికొచ్చి మూత తీసి నాలుక మీద వేసుకుంటే దగ్గు సిరప్. అప్పుడు వెనక చీటీ చదివాను. గ్లూకోజ్ సిరప్, నీళ్లు, సిట్రిక్ యాసిడ్, రంగు, వాసన. దానిమ్మ ఎక్కడో చివర్న చీమంత. సీసా మీద "నార్ ఎక్షిసి" అని ఉంటే అది దానిమ్మ రసం కాచిన అసలు పాకం. "నార్ ఎక్షిలి సోస్" అని ఉంటే ఆ రుచి తగిలించిన సాస్. మధ్యలో ఒక్క అక్షరం, చివర ఒక్క మాట తేడా. ఫోన్ చేసి అడిగితే కొట్టు కుర్రాడు "ఇంపోర్టెడ్ సార్ అది" అన్నాడు. నేనూ ఇంపోర్టెడేనయ్యా, కువైట్ నుంచి వచ్చాను, అయితే ఏంటి? గ్యాస్ బండ వస్తే తూకం వేయించి గానీ దించుకోని మనం, పైదేశం సీసా అనేసరికి చీటీ కూడా తిప్పి చూడం. నన్ను కూడా కలిపే అంటున్నాను.

అందుకని ఇంట్లోనే చేద్దామనుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఒక కిలో పళ్లు ఒలిచి, గింజలు మిక్సీలో వేసి మెత్తగా తిప్పేశాను. వడకట్టి కాచితే చేదు! లోపలి తెల్ల విత్తు నలిగితే ఆ వగరూ చేదూ రసంలోకి దిగిపోతాయి. మిక్సీని ఒకటి రెండుసార్లు ఇలా అని అలా ఆపేయాలి, ఎర్ర రసం వదిలితే చాలు. దాన్ని ఎవరూ చూడకుండా కొబ్బరి చెట్టు మొదట్లో పోశాను.

ఆదివారం పొద్దున మళ్లీ మూడు కిలోలు. ఈసారి జాగ్రత్తగా తీస్తే లీటరు పైచిలుకు రసం వచ్చింది. ఇంకో సంగతి. మన బజార్లో దొరికే ఎర్ర దానిమ్మ, భగువా రకం, తినడానికి పండించింది. పులుపు బాగా తక్కువ. హలబ్ వాళ్లు పాకానికి వాడేది పుల్ల దానిమ్మ. మన పళ్లతో ఉత్తి రసం కాస్తే జామ్ అవుతుంది తప్ప దిబ్స్ అవదు. అందుకని నాలుగు పెద్ద నిమ్మకాయల రసం, ఒక వంద గ్రాముల పంచదార వేసి, వెడల్పు స్టీలు గిన్నెలో సన్న సెగ మీద పెట్టాను.

అప్పుడే మా అమ్మ వరండాలోంచి "ఒరేయ్ అబ్బాయ్, పాకం నేను చూడనా?" అంది.

మా అమ్మ పాకం గురించి మీకు తెలియాలి. సంక్రాంతి ముందు మా వీధిలో ఆరిళ్ల అరిసెల పాకం ఆవిడే చూసేది. పళ్లెంలో నీళ్లు పోసుకుని, గరిటెతో ఒక చుక్క వేసి, వేలితో దగ్గరికి తీసి "ఇంకో నిమిషం" అనేది. ఆ నిమిషం దాటితే అరిసె రాయి, ముందే దించితే నూనెలో విడిపోతుంది. అలాంటి మనిషి అడిగితే నేనేమన్నానో తెలుసా? "ఇది బెల్లం పాకం కాదమ్మా, అరబ్బుల పాకం. నీకు తెలీదులే." అక్కా, బావగారూ, మా ఆవిడా అందరూ అక్కడే ఉన్నారు.

అమ్మ ఏమీ అనలేదు. చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

గంట గడిచింది. గరిటె ఎత్తి చూస్తే ఇంకా పల్చగా, నీళ్లలా జారుతోంది. మరో పది నిమిషాలు. ఇంకా పల్చగానే. మా ఆవిడ వచ్చి "ఏమండీ, బుడగలు పెద్దవయ్యాయి, దించేయకూడదూ?" అంది. నేను వినలేదు. ఇంతలో ఫోన్ వచ్చింది, మా పాత గదివాడు. అరబ్బీ వంట చేస్తున్నానని వాడి దగ్గరా గొప్పలు పోయాను. పెట్టేసి వచ్చి చూస్తే అప్పుడు గరిటెకు చక్కగా పట్టింది, అచ్చం ఆ సీసాలోంచి జారినట్టే. తృప్తిగా దించి, చల్లారనిచ్చి, ఈలోగా గుజ్జులో వెల్లుల్లి, ఉప్పు, నువ్వుల ముద్ద వేసి చేత్తోనే మెదిపాను. మిక్సీలో వేస్తే జిగురవుతుంది.

అందరూ చుట్టూ కూర్చున్నారు. వెడల్పు పళ్లెంలో గుజ్జు పరిచి, చెంచాతో గాడి తీసి, నూనె పోసి, దిబ్స్ గిన్నె తెచ్చి వంచాను. ఏమీ రాలేదు. ఇంకొంచెం వంచాను. పూర్తిగా బోర్లించాను. గరిటె లోపల నిటారుగా నిలబడిపోయింది. గరిటె పట్టుకుని ఎత్తితే గిన్నె కూడా లేచి వచ్చింది.

బావగారు గంభీరంగా, "ఏమోయ్ బావమరిదీ, కువైట్‌లో దీన్ని సుత్తితో తింటారా?" అన్నారు. అక్క నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. పిల్లలు చెంచాలతో గీకి, అంచులు పెల్లలుగా ఊడదీసి చప్పరించడం మొదలెట్టారు. "మావయ్యా, జీళ్లు చాలా బాగున్నాయి" అని మేనల్లుడు. మేనకోడలు గరిటెతో లేచిన గిన్నెను ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. అరగంటలో అది కువైట్ గదివాడికి చేరింది. వాడు పంపిన బొమ్మలు ఇక్కడ వర్ణించను.

అప్పుడు అమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. గిన్నె మీద వేలితో కొట్టి చప్పుడు విని, "జీళ్ల పాకం వచ్చిందిరా. పులుపుంది కాబట్టి పలుకు కట్టలేదు గానీ ముదిరిపోయింది" అంది. పిల్లల దగ్గర మిగిలింది లాక్కుని, ముప్పావు గ్లాసు మరిగిన నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. మూడు నిమిషాల్లో మొత్తం కరిగింది. పళ్లెంలో నీళ్లు పోసుకుని చుక్క వేసింది. చుక్క కరిగిపోకుండా అడుక్కి దిగి, వేలితో తీస్తే మెత్తగా సాగింది. అంతే, దించేసింది. పొయ్యి మీద ఉన్నప్పుడు నా కంటికి అది ఇంకా నీళ్లే. పావుగంట చల్లారాక తేనె.

ఇది చదివి చేయబోయేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. సలసలా కాగేటప్పుడు ఏ పాకమైనా పల్చగానే కనిపిస్తుంది, చల్లారాకే దాని అసలు చిక్కదనం తెలుస్తుంది. లీటరు రసం పావు లీటరుకు దిగిందంటే గరిటె మాట నమ్మకుండా దించేయండి. పల్చనైతే మళ్లీ కాచుకోవచ్చు. ముదిరినా వేడినీళ్లతో బాగవుతుంది, మాడకుండా ఉంటే.

"ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా" అన్నాను అమ్మతో.

"నాకు తెలీదన్నావుగా" అంది.

పళ్లెం మీద ఆ పాకం జారాక, నాలుగు దానిమ్మ గింజలు, కాస్త పుదీనా చల్లాను. ఖుబ్బూస్ బదులు పుల్కాలు. మొదటి ముద్దకే ఫర్వానియా గది, ఆ గురువారాలు కళ్లముందు తిరిగాయి. బావగారు మూడు పుల్కాలు లాగించి కూడా "బానే ఉంది" అన్నారంతే. అమ్మ కొంచెం నాకి చూసి, "ఇదేముందిరా, మన కాల్చిన వంకాయ పచ్చడే. మనం చింతపండూ బెల్లమూ వేస్తాం, వాళ్లు దానిమ్మ పోశారు" అంది.

ఈ మాట నేను ఒప్పుకోను. మన పచ్చడిలో పోపుది పెత్తనం. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి ముందుకొచ్చి వంకాయను వెనక్కి తోస్తాయి. దీంట్లో పోపుకు కాగిన నూనె చుక్క లేదు, వంకాయ పొగ ఒక్కటే పెద్దరికం. బెల్లం తీపి నోట్లో పెట్టగానే తెలుస్తుంది, దానిమ్మ తీపి ఆఖర్న గానీ తెలియదు. రెండూ ఒకటెలా అవుతాయి? ఇదంతా అమ్మకు పావుగంట వివరించాను. ఆవిడ తమలపాకులకు సున్నం రాసుకుంటూ విన్నది.

రాత్రి కొంచెం మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్న తీసి చూస్తే దాని మీద కరివేపాకు, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు. ఇంగువ వాసన గుప్పున కొట్టింది. వేడన్నంలో కలుపుకుని తిన్నాను. ఎలా ఉందో మాత్రం ఇక్కడ రాయను, మా అమ్మకు మేనకోడలు అన్నీ చదివి వినిపిస్తోంది.