రెండు వేల కార్డు తీసుకోవాలా వద్దా: నా అనుభవం

మూడు నెలలుగా నలుగుతున్న విషయం నిన్న సాయంత్రం తేలిపోయింది. హోల్‌సేల్ స్టోర్ వాళ్ల ప్రీమియం కార్డు నేను తీసుకోవడం లేదు. నాలాంటి చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారని తెలుసు. అందుకే వేడి తగ్గకముందే రాసి పెడుతున్నాను.

విశాఖ అక్కయ్యపాలెంలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను. రోజూ ఒక పప్పు, రెండు వేపుళ్లు, ఒక పులుసు, సాంబారు, రోటి పచ్చడి. ఈ పదకొండేళ్లలో సరుకు ఇచ్చిన ఏ ఒక్కరికీ నేను రూపాయి బాకీ ఎగ్గొట్టలేదు. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను.

మొదట ఒక కుర్రాడు మెడలో ఐడీ కార్డు వేసుకుని షాపుకి వచ్చాడు. హైవే మీద ఉన్న హోల్‌సేల్ స్టోర్ నుంచి వచ్చానన్నాడు. మామూలు కార్డు ఉచితం, ప్రీమియం కార్డు ఏడాదికి రెండు వేలు. ప్రీమియం తీసుకుంటే కొన్నదాని మీద రెండు శాతం వెనక్కి వస్తుందన్నాడు. "నెలకి ఎంత సరుకు కొంటారు మేడమ్?" అని అడిగాడు. నలభై ఎనిమిది వేలు అన్నాను. ఫోన్‌లో లెక్క కట్టి, "ఏడాదికి పదకొండు వేల అయిదొందలు వెనక్కి వస్తాయి. రెండు వేలు తీసేసినా తొమ్మిదిన్నర వేలు మిగులు" అన్నాడు. లెక్క తప్పు కాదు. నలభై ఎనిమిది వేలకి రెండు శాతం తొమ్మిది వందల అరవై, పన్నెండు నెలలకి 11,520. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదిన్నర వేలంటే మా అమ్మాయి పుస్తకాలూ బస్ పాసూ వెళ్లిపోతాయి.

మా అన్నయ్య కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఆదివారం వీడియో కాల్‌లో చెప్తే, "అత్తా, మాకిక్కడ కాస్ట్‌కో అనే పెద్ద హోల్‌సేల్ స్టోర్‌లో సరిగ్గా ఇలాంటిదే ఉంది" అంది. అక్కడ మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ అనే పెద్దది 130. 2024 సెప్టెంబర్‌లో పెంచకముందు 60, 120 ఉండేవట. పెద్ద దాని మీద రెండు శాతం వెనక్కి వస్తుంది, ఏడాదికి 1,250 డాలర్లకి మించదు. అమ్మాయి నాకు లెక్క చేసే పద్ధతి నేర్పింది: "అదనంగా కట్టేది 65. దాన్ని రెండు శాతంతో భాగించు. 3,250 వస్తుంది. ఏడాదికి అంతకన్నా ఎక్కువ కొంటేనే లాభం. నెలకి 271 అన్నమాట. మేం నాలుగొందలు కొంటాం, అంటే ఏడాదికి 96 వెనక్కి వస్తే 65 పోగా 31 మిగులు." అంతేకాదు, పెట్రోలు, సిగరెట్లు, లోపల ఉండే ఫుడ్ కోర్టు, వీటికి ఆ రెండు శాతం వర్తించదట. నచ్చకపోతే సభ్యత్వం డబ్బు ఎప్పుడడిగినా వెనక్కి ఇచ్చేస్తారట.

ఇంకో మాట కూడా చెప్పింది. తర్వాత కాస్ట్‌కోతో కలిసిపోయిన ప్రైస్ క్లబ్ అనే స్టోర్‌ని 1976లో శాన్ డియెగోలో మొదలుపెట్టింది చిన్న వ్యాపారుల కోసమేనట. మామూలు ఇళ్లవాళ్లు తర్వాత వచ్చారు. ఆ మాట వినగానే ఇది నాలాంటి దాని కోసం పుట్టిన పద్ధతే కదా అనిపించింది.

అయినా ముందు ఉచిత కార్డు మీద ఒకటి రెండుసార్లు కొని చూద్దామనుకున్నాను. కాగితాల పని తేలిగ్గానే అయిపోయింది. ఫుడ్ రిజిస్ట్రేషన్, ఆధార్, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు కాగితం) చూపిస్తే పావుగంటలో కార్డు ఇచ్చారు. ఉద్యమ్ కోసం మా వీధి నెట్ సెంటర్‌లో ఆరొందలు తీసుకున్నారు. తర్వాత తెలిసింది, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్, పాన్ ఉంటే అది పూర్తిగా ఉచితమని. ఆ ఆరొందలు నాకు ఇంకా మంటే. మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలున్నా చేసి పెడతారు, నెట్ సెంటర్ మెట్లెక్కకండి.

ఇక రెండోసారి వెళ్లిన రోజు సంగతి.

ఆ రోజు పద్దెనిమిది వేలు పట్టుకెళ్లాను, మొత్తం నగదే. ముందు రోజే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడంతో అకౌంట్‌లో నాలుగొందలే మిగిలాయి. షాపులో వచ్చిన నోట్లే అన్నీ. వందలు, యాభైలు, ఇరవైలు. ముందు రాత్రి కూర్చుని కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, చేతిరుమాల్లో మూట కట్టుకున్నాను. చేతిలో చిన్న నోట్‌బుక్ ఉంది. అరల దగ్గర నిలబడి ఒక్కో వస్తువు ధర రాసుకుంటూ కూడుకుంటూ వెళ్లాను. నూనె టిన్నులు, కందిపప్పు, మినప్పప్పు, నెయ్యి, ధనియాలు, ఎండుమిర్చి, పార్సిల్ డబ్బాలు, గిన్నెలు తోమే లిక్విడ్ క్యాన్లు. నా లెక్కలో 17,640 వచ్చింది. మూడొందల అరవై మిగులుతుంది, ట్రాలీ ఆటోకి సరిపోతుందనుకున్నాను.

కౌంటర్‌లో అమ్మాయి అన్నీ కొట్టి, "పంతొమ్మిది వేల నలభై రెండు" అంది.

నేను మళ్లీ చూడమన్నాను. ఆ అమ్మాయి స్క్రీన్ నావైపు తిప్పింది. కింద పన్ను వేరేగా ఉంది. పప్పులు, నూనె, నెయ్యి, మసాలా దినుసుల మీద 5 శాతం, డబ్బాలు, లిక్విడ్ మీద 18 శాతం. రెండూ కలిపి 1,402 రూపాయలు. అరల మీద పెద్ద ఎర్ర అంకెల్లో రాసిందంతా పన్ను లేని ధర. పన్నుతో కలిపిన ధర దాని కింద, మందుల సీసా మీద ఉండేంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు రెండే వస్తువులు కొన్నాను, ఫోన్‌తో కట్టేశాను, ఆ తేడా పట్టించుకోలేదు.

"వెయ్యి తక్కువ ఉంది, ఒకటి రెండు తీసేస్తాను" అన్నాను మెల్లగా. ఆ అమ్మాయి చెయ్యెత్తి గట్టిగా, "సర్, ఇక్కడ క్యాన్సిల్ ఉంది, కస్టమర్ దగ్గర డబ్బు తక్కువైంది!" అని కేకేసింది. కొట్టిన వస్తువు తీసేయాలంటే సూపర్‌వైజర్ వచ్చి తన తాళం తిప్పాలట. ఆయన ఎక్కడో దూరంగా ఉన్నాడు. వచ్చేదాకా పది నిమిషాలు నిలబడ్డాను. నా వెనక ఒకాయన కూల్‌డ్రింకు కేసుల బండితో ఉన్నాడు. "పక్కకి జరగండమ్మా, మేం కట్టుకుని పోతాం" అన్నాడు. జరుగుదామంటే బిల్లు సగంలో ఉంది, బండి కదలదు.

సూపర్‌వైజర్ వచ్చాడు. మా పెద్ద మేనల్లుడి వయసు ఉంటుంది. నేను అడిగింది ఒక్కటే: "బాబూ, పెద్ద అక్షరాల్లో ఒక ధర, బిల్లులో ఒక ధర ఎందుకు?" దానికతను అందరికీ వినబడేలా, "రాసే ఉంది కదా మేడమ్, చదువుకోవాలి కదా. ఇది కిరాణా కొట్టు కాదు" అన్నాడు.

చదువుకోవాలి కదా అన్నాడు. నేను ఇంటర్ పాసయ్యాను. పదకొండేళ్లుగా రోజువారీ పద్దు నా చేతిరాతతో రాస్తున్నాను. ఆ నిమిషంలో నోట మాట రాలేదు. ఒక లిక్విడ్ క్యాను తీసి పక్కన పెట్టాను. పన్నుతో 531 తగ్గింది. చాల్లేదు. ఒక డబ్బాల కట్ట తీశాను, 590 తగ్గింది. తీసిన ప్రతిసారీ అతను తాళం తిప్పాడు, మెషిన్ కీచుమంది, వెనక బారులో అందరూ మెడలు చాపి చూశారు. 17,921కి వచ్చింది. రుమాలు విప్పి కట్టలు ఇచ్చాను. "ఇన్ని చిల్లర నోట్లా" అని ఆ అమ్మాయి గొణుగుతూ లెక్కపెట్టింది. డెబ్భై తొమ్మిది రూపాయలు తిరిగిచ్చింది. ఆటోకి డబ్బు చాలక మా ఆయనకి ఫోన్ చేసి, ఇంటి దగ్గర ఇస్తానని డ్రైవర్‌ని ఒప్పించి వచ్చాను.

ఒక మాట చెప్పాలి. ఇరవై రూపాయల నోట్లు తెచ్చేవాళ్లని తక్కువగా చూసే అలవాటు పెద్ద పెద్ద షాపుల్లో పెరిగిపోతోంది. ఆ నోటు ఒక కూర పొట్లం అమ్మితే వచ్చింది. కూలికెళ్లే మనిషి పెట్టిన డబ్బు అది. దాన్ని లెక్కపెట్టడానికే జీతమిచ్చి కూర్చోబెట్టారు.

ఆ రాత్రి ఏడుపు ఆగాక బిల్లు ముందు పెట్టుకున్నాను. అప్పుడు అర్థమైన సంగతులు చెప్తాను.

ఆ పెద్ద అంకెల ధర జీఎస్టీ నంబరు ఉండి, కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు చేసుకునే షాపుల వాళ్ల కోసం రాసింది. కిరాణా కొట్టాయన అది చేసుకోగలడు. నాకు నంబరు లేదు, నా అమ్మకం ఏడాదికి 20 లక్షల లోపే. జీఎస్టీ ఉన్న మామూలు హోటళ్ల వాళ్లు కూడా 5 శాతం కట్టే పద్ధతిలో సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోలేరు. అంటే వండి అమ్మే మనకి ఆ పన్ను అసలు ఖర్చే.

తర్వాత పప్పు. అక్కడ కందిపప్పు ప్యాకెట్ కిలో 118 అని రాసుంది. పూర్ణా మార్కెట్‌లో మా పాత షావుకారు 122కి ఇస్తున్నాడు. నాలుగు రూపాయలు చవకని మురిశాను. పన్ను కలిపితే 123.90. షావుకారు గోనెలోంచి విడిగా తూచి ఇస్తాడు, దానికి జీఎస్టీ లేదు. 2022 జూలై 18 నుంచి, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పు, బియ్యం లాంటి వాటి మీద 5 శాతం పడుతోంది. 25 దాటితే పడదు. మన బియ్యం బస్తాలు 26 కిలోలు ఎందుకయ్యాయో ఇప్పుడు తెలిసిందా? పైగా షావుకారు సరుకు షాపుకి పంపిస్తాడు, పదిహేను రోజుల ఖాతా ఇస్తాడు. నాకు ఆ పదిహేను రోజులే ప్రాణం.

ఇక రెండు శాతం. ఫారం వెనకవైపు నియమాలు మా అమ్మాయి చేత చదివించాను. బియ్యం, నూనె, పంచదారకి వర్తించదు. పన్ను లేని మొత్తం మీదే లెక్క కడతారు. కట్టిన రుసుము వెనక్కి ఇవ్వరు. ఆ రెండు వేల మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అంటే 2,360. డల్లాస్ అమ్మాయి లెక్క ప్రకారం ఏడాదికి 1,18,000 దాటి కొంటేనే గిట్టుబాటు.

నా నలభై ఎనిమిది వేలని విడగొట్టాను. కూరగాయలు పదహారు వేలు. అవి సీతమ్మధార రైతు బజారులోనే కొంటాను. 1999లో రైతు బజార్లు వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మకీ అదే అలవాటు, చల్లగదిలో పెట్టిన వంకాయ నాకు నచ్చదు. బియ్యం తొమ్మిది వేలు, నూనె, పంచదార పదిన్నర వేలు, వీటికి రెండు శాతం లేదు. పప్పులు ఆరున్నర వేలు, షావుకారు దగ్గరే నయం. మిగిలింది ఆరు వేలు: నెయ్యి, మసాలాలు, డబ్బాలు, సబ్బులు. దాని మీద రెండు శాతం నెలకి 120, ఏడాదికి 1,440. కట్టేది 2,360. తొమ్మిది వందల ఇరవై నష్టం, ఆటో ఖర్చు కాకుండా. కుర్రాడు చెప్పిన తొమ్మిదిన్నర వేల మిగులు ఇలా తేలింది.

న్యాయంగా చెప్పాలంటే, డబ్బాలు, లిక్విడ్ మాత్రం పన్ను కలిపినా అక్కడ బయటకన్నా చవకే. నెయ్యి కూడా. 2025 సెప్టెంబర్ 22న నెయ్యి మీద పన్ను 12 నుంచి 5కి తగ్గింది, అది బిల్లులో కనిపిస్తోంది. పెళ్లి క్యాటరింగులు చేసేవాళ్లు, నెలకి పాతిక వేలు ఇలాంటివే కొనేవాళ్లు అయితే ప్రీమియం తీసుకోవచ్చు. వాళ్లకి ఏడాదికి ఆరు వేలు వెనక్కి వస్తాయి. తీసుకునే ముందు మీ పద్దు ఇలా విడగొట్టండి. మొత్తం కొనుగోలు అంకె మాత్రం కార్డు అమ్మేవాళ్లకి ఎప్పుడూ చెప్పకండి, దాని మీదే లెక్క కట్టేస్తారు. ధర రాసుకునేటప్పుడు కింది చిన్న అంకె రాసుకోండి. నగదు పట్టుకెళ్తే పదో వంతు ఎక్కువ పట్టుకెళ్లండి.

నిన్న సాయంత్రం ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. నోట్‌బుక్ తీసి ఒక్కో వరుసా చూపించాను. రెండుసార్లు చదివి, "మాకు ఇవన్నీ చెప్పలేదు మేడమ్, రోజుకి నాలుగు కార్డులు చేయమన్నారు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. సూపర్‌వైజర్ మాట చెప్పి, పైవాళ్లకి చెప్పమన్నాను. చెప్తానన్నాడు. వెళ్తూ ఒక పప్పు, ఒక బెండకాయ వేపుడు కట్టించుకున్నాడు.

ఉచిత కార్డు పర్సులోనే ఉంది. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి లేని కూరలకి గిరాకీ పెరుగుతుంది, డబ్బాలు ఎక్కువ కావాలి. ఆ వారం వెళ్లి డబ్బాలు, ఆ రోజు తీసి పక్కన పెట్టిన లిక్విడ్ క్యాను తెచ్చుకుంటాను.