యూనిట్ ఎంత పడుతోంది?

జూన్ 28, 2025, శనివారం
ఇర్వింగ్, టెక్సాస్

పొద్దున్నే కాఫీ తాగుతూ నాన్న టేబుల్ మీద పోస్టు కట్టలోంచి కరెంటు బిల్లు తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. సూర్యాపేట నుంచి వచ్చి మూడు వారాలైంది. 34 ఏళ్ళు కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. ఏ ఊరు వెళ్ళినా ముందు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లే చూస్తారు. మా వీధిలో వైర్లన్నీ భూమిలోంచే పోతాయని తెలిసి మొదటిరోజు కాస్త దిగులుపడ్డారు కూడా.

"యూనిట్ ఎంత పడుతుంది బిడ్డా?" అన్నారు.

చెప్పలేకపోయాను. మొత్తం 344 డాలర్ల 40 సెంట్లు అని తెలుసు, అది కూడా బ్యాంకు ఖాతాలోంచి కట్ అవుతుంది కాబట్టి. యూనిట్ ధర ఎంతో తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో బిల్లులు కడుతున్నా సరిగ్గా చూసుకోలేదు. టమాటాలు పౌనుకి ఎంతో తెలుసు, పెట్రోలు గ్యాలనుకి ఎంతో తెలుసు. నాన్న అలా అడిగేసరికి సిగ్గేసింది.

ఆయనే వెతికి పట్టుకున్నారు. బిల్లులో ఓ మూల "ఈ నెల మీరు కట్టిన సగటు ధర" అని ఉంది: యూనిట్‌కి 21 సెంట్లు. వాడింది 1,640 యూనిట్లు. ఫోనులో లెక్కేసి, "పద్దెనిమిది రూపాయలు!" అన్నారు. "మన దగ్గర ఎనిమిది వందల యూనిట్లు దాటినా పది రూపాయలే గదా."

నిరుడు 13.8 సెంట్లకు ఏడాది ఒప్పందం చేసుకున్నట్టు నాకు గుర్తుంది. అదే పోస్టు కట్టలో కిందికి వెళితే, విప్పని కవరు ఒకటి దొరికింది. మీ ఒప్పందం మేలో ముగుస్తోంది, కొత్త ప్లాను ఎంచుకోకపోతే నెలనెలా మారే రేటుకి వెళ్ళిపోతారు అని అందులో రాసి ఉంది. ఈమెయిల్‌లోనూ ఇలాంటివే రెండు వచ్చి ప్రకటనల మధ్య పడి ఉన్నాయి. కంపెనీ చెప్పాల్సింది చెప్పింది, నేను చదవలేదు. కానీ తొమ్మిదేళ్ళ ఖాతాదారుని ఒక్క రోజులో 13.8 నుంచి 21కి ఎక్కించడం సబబని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు.

నాన్నకి ఇక్కడి పద్ధతి వివరించడానికి గంట పట్టింది. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల కరెంటు అమ్మేవాళ్ళు వేరు, వైర్లు వేసేవాళ్ళు వేరు. అమ్మే కంపెనీలు బోలెడు, మనకు నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. "మరి వైరు తెగితే ఎవడొస్తడు?" అన్నారు వెంటనే. ఎవరి దగ్గర కొన్నా వచ్చేది వైర్లు చూసుకునే ఆన్‌కార్ కంపెనీ వాళ్ళే, మీటరూ వాళ్ళదే, కంపెనీ మారితే బిల్లు మీద పేరు మారుతుందంతే, కరెంటు ఒక్క క్షణం కూడా పోదు అన్నాక గాని ఆయన మనసు కుదుటపడలేదు. ఈ ఎంపిక అందరికీ లేదు. ఆస్టిన్‌లో నగరపాలక సంస్థే కరెంటు ఇస్తుంది. ఫ్రిస్కోలో చాలామంది మనవాళ్ళకి సహకార సంఘం కరెంటు, వాళ్ళకి బేరం లేదు.

కరెంటు అమ్మే కంపెనీని ఎంచుకునే వీలిచ్చిన చట్టం ఇక్కడ 1999లో వచ్చింది, అమలు 2002 జనవరి నుంచి అంటే నాన్న కాసేపు ఆగి, "మా బోర్డును ముక్కలు చేసింది కూడా ఆ ఏడాదే" అన్నారు. నిజమే, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడిపోయింది 1999 ఫిబ్రవరిలో. మరుసటి ఏడాది ఛార్జీలు పెరిగాయి. జనం రోడ్లెక్కారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను. ఆ వారమంతా నాన్న డ్యూటీకి యూనిఫాం లేకుండా వెళ్ళడం మాత్రం గుర్తుంది.

"నా సర్వీసులో ధర తగ్గించమని నన్ను ఒక్కరు కూడా అడగలె. అడిగినా నా చేతుల్లో ఏముంది? గడువు అడిగేటోళ్ళు. పత్తి అమ్మినంక కడతం సార్, ఫ్యూజు తీస్కపోకుండ్రి అని" అన్నారు. ఎంతమంది ఇళ్ళ ఫ్యూజులు ఆయన సంచిలో ఇంటికొచ్చాయో, సాయంత్రానికి ఎన్ని తిరిగి వెళ్ళాయో అమ్మకి బాగా తెలుసు. బేరం ఆడే అవకాశం ఉండీ ఆడకపోవడం ఆయనకి వింతగా తోచింది. "ఫోను చెయ్యి మరి" అన్నారు.

ఫోను కంటే ముందు పవర్ టు చూజ్ సైటు తెరిచాం. అది టెక్సాస్ పబ్లిక్ యుటిలిటీ కమిషన్ నడిపేది. పిన్‌కోడ్ కొడితే మన పేటకి వచ్చే ప్లాన్లన్నీ చూపిస్తుంది. తక్కువ ధరల వరసలో మొదట్లోనే 9.8 సెంట్లది కనిపించింది. నేను ఉబ్బిపోయి నొక్కబోతుంటే నాన్న ఆపారు. ప్రతి ప్లానుకీ ఒక ఫ్యాక్ట్స్ లేబుల్ ఉంటుంది. అందులో 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంతో తప్పనిసరిగా వేయాలి. ఈ ప్లానుకి వరసగా 19.8, 9.8, 14.8 అని ఉన్నాయి.

"నడుమ ఒక్క చోటే ఎందుకు తగ్గింది? ఇందులో ఏదో స్లాబు ఉంది" అన్నారు ఆయన.

ఉంది. నెలకి 1,000 యూనిట్లకు చేరితే 100 డాలర్లు తిరిగి ఇస్తారు. 999 వాడితే ఏమీ రాదు. సూర్యాపేటలో మా పక్కింటి వాళ్ళు ఉచిత కరెంటు పోతుందని మీటరు 200 యూనిట్లు దాటకుండా కూలరు ఆపేసుకుంటారట. ఇక్కడ దానికి తిరగేసి, 1,000 దాటించడానికి ఏసీ పెంచుకోవాలన్నమాట. నాన్న అది అంత త్వరగా పట్టుకున్నారంటే, జీవితమంతా స్లాబుల మధ్య బతికారు కాబట్టే.

మీటరు లెక్కలు స్మార్ట్ మీటర్ టెక్సాస్ సైటులో ఉంటాయి, పదిహేను నిమిషాలకొకసారి రీడింగుతో సహా. పన్నెండు నెలలవి తీసి నాన్న నోటుపుస్తకంలో రాసుకున్నారు. మొత్తం 13,500 యూనిట్లు. వెయ్యి దాటింది అయిదే నెలలు, మే నుంచి సెప్టెంబరు దాకా. జనవరిలో 980, అంటే ఇరవై యూనిట్లతో తప్పింది. అన్నీ కలిపి గుణిస్తే ఆ 9.8 ప్లాను మాకు ఏడాదికి 2,173 డాలర్లు, యూనిట్‌కి 16 సెంట్లు పడుతుంది. ఏ మెలికా లేని మామూలు ప్లాను ఒకటి 14.6కి ఉంది, దాని మీద 1,971. రెండొందల డాలర్ల తేడా. ఈ లెక్క తెలియక ఆ మొదటి వరస చూసి ఎంతమంది సంతకం పెడుతున్నారో అనుకుంటే నిజంగా బాధేసింది. ఇంగ్లీషు సరిగా రాని పెద్దవాళ్ళు, రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళు, కూర్చుని గుణించే తీరిక లేనివాళ్ళు.

మా ఆయన 2021 ఫిబ్రవరి సంగతి ఎత్తారు. ఆ మంచు తుఫానులో మా అపార్టుమెంటులో రెండు రోజులు కరెంటు లేదు, దుప్పట్లు కప్పుకుని కార్లో ఫోన్లు ఛార్జి చేసుకున్నాం. అప్పుడు టోకు మార్కెట్ ధరకే కరెంటు తీసుకునే ప్లాన్లు ఉండేవి. టోకు ధర మెగావాట్ గంటకి, అంటే వెయ్యి యూనిట్లకి, 9,000 డాలర్లకు చేరింది. అంటే యూనిట్‌కి తొమ్మిది డాలర్లు. ఆ ప్లాన్లలో ఉన్నవాళ్ళకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. తర్వాత ఇళ్ళకి అలాంటి ప్లాన్లు అమ్మకుండా చట్టం చేశారు. "తొమ్మిది డాలర్లా, సెంట్లా?" అని నాన్న రెండుసార్లు అడిగారు.

పదకొండున్నరకి ఫోను చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించి, ఒకావిడ పలికింది. ఒప్పందం పొడిగించుకుంటానంటే 17.2 అంది. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది, బేరం అంటే నాకు ఎప్పుడూ టెన్షనే. ముందే రాసుకున్నది చూస్తూ చెప్పాను: ఇప్పుడు నాకు ఒప్పందమేదీ లేదు, వెళ్ళిపోతే కట్టాల్సిన జరిమానా లేదు, ఏడాదికి 13,500 యూనిట్లు వాడతాను, ఒక్క బిల్లూ ఆలస్యం కాలేదు, మీ పక్క కంపెనీ లేబుల్ నా ముందుంది, అందులో 14.6 ఉంది.

ఆవిడ ఇంకో విభాగానికి కలిపింది. అక్కడ అబ్బాయి 15.3 అన్నాడు. నాన్న నోటుపుస్తకంలో 14.6 అని పెద్దగా రాసి, సున్నా చుట్టి, నా ముందుకి జరిపారు. నేనేమీ మాట్లాడలేదు. ఆ మౌనం అర నిమిషం కూడా లేదు, నాకు మాత్రం చాలా పొడుగ్గా అనిపించింది. అతను "ఒక్క నిమిషం ఆగండి" అని వెళ్ళి వచ్చి, పన్నెండు నెలలకి 14.5 అన్నాడు, డెలివరీ ఛార్జీలతో, అంటే వైర్ల కంపెనీకి పోయేదాంతో కలిపి.

ఒప్పేసుకునేదాన్ని. నాన్న వేలు చూపించి, "పోయిన నెల సంగతి" అన్నారు మెల్లగా. 21కీ 13.8కీ తేడా యూనిట్‌కి 7.2 సెంట్లు, 1,640 యూనిట్లకి 118 డాలర్లు అని అప్పటికే లెక్కేసి పెట్టుకున్నారు. అడిగాను. బిల్లు మార్చడం కుదరదన్నాడు. తొమ్మిదేళ్ళు అని మళ్ళీ గుర్తుచేశాను. చివరికి 50 డాలర్లు వచ్చే బిల్లులో తగ్గిస్తానన్నాడు. కొత్త ప్లాను లేబుల్ ఈమెయిల్‌లో వచ్చేదాకా సరే అనలేదు. అది నాన్న నియమం, కాగితం మీద చూశాకే మాట. 500, 1,000, 2,000 మూడు చోట్లా ధర 14, 15 సెంట్ల మధ్యే ఉంది, డాలర్లు తిరిగిచ్చే మెలిక లేదు, ఏడాది లోపల వదిలేస్తే 150 డాలర్ల జరిమానా ఉంది. చదివి, ఒప్పుకున్నాను.

ఫోను పెట్టాక చూస్తే ఒకటిన్నర. అన్నం వండలేదు. నాన్న ఆవకాయ, పెరుగు చాలన్నారు.

ఒప్పందం ముగియడానికి 14 రోజుల ముందు నుంచి జరిమానా లేకుండా వేరేచోటికి మారొచ్చు. ఆ తేదీ ఫోనులో పెట్టుకున్నాను. నాన్నకి ఫోను మీద నమ్మకం లేదు. సాయంత్రం ఎండ తగ్గాక ఇంటి పక్కకి వెళ్ళి మీటరు చూద్దామన్నారు. తొమ్మిదేళ్ళలో నేను ఓ మీటరు ముందు నిలబడింది అదే మొదటిసారి. ఆయన సర్వీసులో ప్రతి ఇంట్లో మీటరు పక్కన మేకుకి వేలాడే కార్డులా, ఒక అట్టముక్క మీద గళ్ళు గీసి తెచ్చారు. పైన కొత్త ధర, ముగిసే తేదీ రాశారు. అద్దం మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, అంకెలు మారేదాకా ఆగి, గట్టిగా చదివారు.

"నలభై ఎనిమిది వేల రెండొందల పదిహేడు. రాయి."

రాశాను.