సయనైడ్ వేసినా ఆగని శ్వాస
ఇవాళ ల్యాబ్‌లో ఆకుల నుంచి తీసిన మైటోకాండ్రియాకి (కణంలో శ్వాస జరిపి శక్తి తయారుచేసే భాగాలు) సయనైడ్ కలిపాం, మిగిలిన ఆక్సిజన్‌ని చూపే గ్రాఫ్ దిగే వేగం బాగా తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు, గీత మెల్లగా దిగుతూనే ఉంది! శ్వాసలో ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి చైన్‌లా సాగి చివర్లో ఆక్సిజన్‌ని చేరతాయి, ఆ చివరి మెట్టు ఎంజైమ్ సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ని (కాంప్లెక్స్ 4) సయనైడ్ ఆపేస్తుంది. మన కణాల్లో అయితే అది ఆగిందంటే ఇక అంతే. మొక్కలకి మాత్రం ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అని ఇంకో ఎంజైమ్ ఉంది, అది చైన్ మధ్యలో ఎలక్ట్రాన్లు మోసే యుబిక్వినాల్ దగ్గరే వాటిని లాగేసుకుని, తర్వాతి మెట్లయిన కాంప్లెక్స్ 3, 4 జోలికి పోకుండా నేరుగా ఆక్సిజన్‌ని నీళ్లుగా మార్చేస్తుంది. ఆ దారిలో ఏటీపీ (కణం వాడుకునే శక్తి అణువు) తయారీకి కావాల్సిన ప్రోటాన్ పంపింగ్ ఉండదు కాబట్టి అది తక్కువ వస్తుంది, మిగతా శక్తంతా వేడిగా పోతుంది. తర్వాత ఈ ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్‌ని ఆపే సాలిసిల్‌హైడ్రాక్సామిక్ యాసిడ్ వేశాం, అప్పుడు ఆగింది గీత.

ఏటీపీ తక్కువ ఇచ్చే ఈ దారిని వేస్ట్ అంటారు కొందరు, నేనైతే అస్సలు ఒప్పుకోను. చలి, కరువు, ఎండ ఎక్కువైనప్పుడు ఎలక్ట్రాన్లు చైన్‌లో ఇరుక్కుపోయి రియాక్టివ్ ఆక్సిజన్ (కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు) పుట్టి కణం పాడవ్వకుండా అడ్డుపడేవాటిలో ఇదొకటి. తామర పువ్వునే చూడండి, బయట 10 డిగ్రీలున్నా పూసే రోజుల్లో లోపల 30 పైనే ఉంచుకుంటుంది, ఆ వేడి ఎక్కువగా ఈ ఎంజైమ్ పుణ్యమే, నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

రేపు చలిలో పెంచిన మొక్కల ఆకులతో మళ్లీ చేస్తున్నాం, శ్వాసలో ఈ ఎంజైమ్ వాటా పెరగాలి మరి!