బియ్యం కొనడానికి వెళ్తే వంద పౌండ్లు

నిన్న సాయంత్రం పోప్లా నుంచి, అంటే ప్రైవేటు పార్కింగ్ కంపెనీల బిల్లుల మీద అప్పీళ్ళు వినే సంస్థ నుంచి, మెయిల్ వచ్చింది. అప్పీల్ గెలిచాం, పైసా కట్టక్కర్లేదు. ఆ ఊపులోనే రాసేస్తున్నా.

ఇక్కడ ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఓ సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పెరుగు, కొత్తిమీర కొన్నాం. వారం తిరక్కుండా ప్రైవేటు పార్కింగ్ కంపెనీ ఉత్తరం: 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60. షాపు లోపలున్న ట్యాబ్‌లో బండి నంబరు కొట్టలేదట! ఖమ్మం నుంచి వచ్చిన మామగారు పోలీసు కేసనుకుని, "అల్లుడుగారూ, పరాయి దేశం, కట్టేయండి" అని ఒకటే పోరు. ఇది పోలీసులదీ కాదు, కౌన్సిల్‌దీ కాదు, కంపెనీ పంపిన బిల్లు అంటే నమ్మరే! వాట్సాప్ గ్రూపులో మన మేధావులదీ అదే పాట.

సరుకుల రసీదు పట్టుకుని షాపుకెళ్ళాను. మేనేజరు రసీదు ముట్టుకోను కూడా లేదు. పార్కింగ్‌తో మాకేం సంబంధం అన్నాడు. ట్యాబ్ మీ షాపులోనే ఉందిగా అన్నాను. "బోర్డు మీద రాసుంది, ఇంగ్లిష్ చదవడం వచ్చుగా?" అన్నాడు, గొంతు పెంచి మరీ. వెనక లైన్లో ఓ తెలుగు కుటుంబం. నా వైపు చూడకుండా ఉండటానికి వాళ్ళు పడ్డ పాట్లు తలచుకుంటే నాకు ఇంకా మంటగా ఉంది. పదేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తూ, ఆఫీసులో వాళ్ళ ఇంగ్లిష్ నేను దిద్దుతుంటే, నాకు చదవడం వచ్చా అని అడుగుతాడా!

అరవై కట్టి వదిలేద్దామన్న ఆలోచన అక్కడే చచ్చింది. చీకటి పడ్డాక మళ్ళీ వెళ్ళి ఫోటోలు తీశాను. గేటు దగ్గరి బోర్డును చెట్టు కొమ్మ సగం కప్పేసింది, దాని మీద లైటు లేదు. "కస్టమర్లకు ఉచితం" అని జానెడు అక్షరాలు. నంబరు కొట్టాలన్న షరతు అడుగున, చిటికెనవేలి గోరులో సగం కూడా లేని అక్షరాల్లో. ఇక ఆ ట్యాబ్, ఆఫర్‌లో పెట్టిన బాస్మతి బస్తాల గుట్ట వెనక!

కంపెనీకి రాసిన అప్పీల్ అనుకున్నట్టే కొట్టేశారు. మీరూ అలాంటి అప్పీల్ రాస్తే, బండి ఎవరు నడిపారో చెప్పకండి, "రిజిస్టర్డ్ కీపర్‌ని" (బండి ఎవరి పేరున నమోదైందో వాళ్ళు) అని మాత్రమే రాయండి. నడిపినవాళ్ళెవరో తెలియనప్పుడు కీపర్ నుంచి వసూలు చేయాలంటే 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం షరతులన్నీ వాళ్ళు పాటించి ఉండాలి. కంపెనీ కాదన్నాక 28 రోజుల్లో పోప్లాకి వెళ్ళొచ్చు, ఉచితం. పార్కింగ్ కంపెనీల సంఘాలు రెండున్నాయి: కంపెనీ బీపీఏ (బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్) సభ్యురాలైతేనే పోప్లా, ఐపీసీ (ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ) అయితే ఐఏఎస్ (ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్).

కంపెనీ పోప్లాకి పంపిన సాక్ష్యంలో పట్టపగలు దగ్గర్నుంచి తీసిన బోర్డు ఫోటోలు, పైగా ఇలాంటి పార్కింగ్ బిల్లు మీదే నడిచిన 2015 నాటి బీవిస్ కేసు. ఇక్కడి సుప్రీంకోర్టు అందులో 85 పౌండ్ల బిల్లు సరేనన్న మాట నిజమే. కానీ ఆ బోర్డులు పెద్దవి, ప్రస్ఫుటమైనవి, చదవగలిగేవి అని కూడా అదే తీర్పులో ఉంది. ఆ వాక్యం పక్కన నా చీకటి ఫోటో పెట్టాను. అంతే.

పోప్లా తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, మనం ఓడితే మాత్రం మనకా కట్టుబాటు లేదు. అలాగని డబ్బు వసూలు కంపెనీల బెదిరింపు ఉత్తరాలూ, కోర్టు క్లెయిమ్ ఫారమూ ఒకటనుకోకండి. ఫారం వస్తే గడువులోగా జవాబివ్వాలి, లేకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.