కళాయి లేని రాగి

మా నాన్నకి విజయవాడ వన్‌టౌన్‌లో రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. గంగాళాలు, బిందెలు, కాగులు, పెళ్లి సారె సామాను. సరుకు ఎక్కువగా అజ్జరం నుంచి దిగేది. బడి అయ్యాక నేను కొట్లోనే కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. బిందె మీద వేలి కణుపుతో కొట్టి, మోతని బట్టి రేకు మందం చెప్పడం అక్కడే నేర్చుకున్నాను.

కిందటి వేసవిలో ఐర్లాండ్‌లో ఉంటున్న తమ్ముడి దగ్గరకి వెళ్లాను. "అక్కా, కార్క్ దగ్గర మిడిల్టన్‌లో పాత విస్కీ డిస్టిలరీ ఉంది, నువ్వు చూసి తీరాలి" అన్నాడు. విస్కీతో నాకేం పని అనుకుంటూనే వెళ్లాను. లోపల ఆ రాగి బట్టీ ముందు నిలబడ్డాక వాడు ఎందుకు తీసుకొచ్చాడో తెలిసింది.

పాట్ స్టిల్ అంటారు దాన్ని. ఉల్లిపాయలా ఉబ్బిన పొట్ట, పైకి పోయేకొద్దీ సన్నబడి ఒక పక్కకి వంగే మెడ. 1825లో మొదలైన డిస్టిలరీ అది. అక్కడి పెద్ద బట్టీలో 1,40,000 లీటర్లకు పైగా పడుతుంది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద పాట్ స్టిల్ లేదని చెప్పారు. మా కొట్లో వంద లీటర్ల గంగాళం వస్తేనే ఇద్దరు పట్టి దించేవాళ్లు. 1975లో పక్కనే కొత్త డిస్టిలరీ కట్టాక దీన్ని వాడటం మానేశారు.

వెంటనే నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. కాసేపు మాట్లాడకుండా చూశారు. తర్వాత "లోపల కళాయి ఉందా?" అని అడిగారు.

లేదట. వట్టి రాగి.

"పులిసిన సరుకు పోసి కాస్తారు కదమ్మా, చిలుము పట్టదూ?"

మన ఇళ్లలో ఇత్తడి గిన్నెకి కళాయి లేకుండా చింతపండు పులుసు పెట్టం. పులుపుకి లోహం కరిగి వంటలో కలుస్తుందని భయం. అక్కడ మాత్రం రాగి ఆవిరికి తగలాలనే కళాయి లేకుండా ఉంచుతారు. బార్లీ పులిసేటప్పుడు గంధకం కలిసిన పదార్థాలు పుడతాయి, వాటి వల్ల ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది. ఆవిరి వేడి రాగిని రాసుకుంటూ పోతుంటే ఆ గంధకాన్ని రాగి పట్టేసుకుంటుంది. ఈ పనిలో రేకు ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. అప్పుడు ఆ మేర కోసి కొత్త రేకు అతుకుతారు. ఇది విన్నాక నాన్న ముఖంలో ఆ కంగారు పోయింది. నాకైతే ఆ రాగి మీద గౌరవం పెరిగింది. అది తాను అరిగిపోతూ సరుకుని శుభ్రం చేస్తోంది.

విస్కీ తయారీలో మొదటి అడుగు మన వంటింట్లో ఉన్నదే. అమ్మ రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, వేయించి మాల్ట్ పిండి పట్టించేది. బార్లీనీ అంతే చేస్తారు. మొలకెత్తిన గింజలో ఉండే ఎంజైములు వేడి నీళ్లలో పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీళ్లలో ఈస్ట్ వేసి పులియబెడతారు. స్కాట్లాండ్‌లో కొన్నిచోట్ల మొలకల్ని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టి) పొగ మీద ఆరబెడతారు, అందుకే ఆ విస్కీలకి పొగ వాసన. ఐర్లాండ్‌లో ఎక్కువమంది పొగ తగలనివ్వరు.

ఐరిష్ పద్ధతిలో ఇంకో విశేషం, మొలకెత్తని పచ్చి బార్లీ కూడా కలపడం. 1785లో మాల్ట్ మీద పన్ను వేస్తే, అది తప్పించుకోవడానికి పచ్చి గింజ వాడకం పెరిగింది. నాలుక మీద నూనెలా జారే చిక్కదనం దానివల్లే వస్తుంది. ఇవాళ సీసా మీద సింగిల్ పాట్ స్టిల్ అని రాయాలంటే మాల్ట్ కనీసం 30 శాతం, పచ్చి బార్లీ కనీసం 30 శాతం ఉండాలి. రెడ్‌బ్రెస్ట్, గ్రీన్ స్పాట్ అనే బ్రాండ్లు ఆ రకం. మామూలు జేమ్సన్ మాత్రం పాట్ స్టిల్ విస్కీ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీ కలిపిన బ్లెండ్.

తర్వాత బట్టీ పట్టడం. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి నీళ్లకంటే ముందు పైకి లేస్తుంది. మెడలోంచి పోయి చల్లబడి బొట్లుగా దిగుతుంది. స్కాట్లాండ్‌లో సాధారణంగా రెండుసార్లు కాస్తారు, ఇక్కడ ఎక్కువగా మూడుసార్లు. మూడోసారికి ఆల్కహాల్ 80 శాతం దాటుతుంది. అందులోనూ మొదట దిగేది నెయిల్ పాలిష్ తుడిచే మందులా గుప్పుమంటుంది, చివర దిగేది బరువుగా ఉంటుంది. రెండింటినీ పక్కకి తీసి మళ్లీ కాపుకి పంపి, నడిమి భాగమే పీపాలకి పోస్తారు. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం.

చట్టం ప్రకారం ఆ ద్వీపంలోనే, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో, కనీసం 3 ఏళ్లు ఉంచాలి. అమెరికాలో బోర్బన్ అనే విస్కీకి ప్రతిసారీ కొత్త పీపా వాడాలి, అందుకే వాళ్లు ఒకసారి వాడి వదిలేసినవి ఇక్కడికి చేరతాయి. ఐర్లాండ్ చలికి పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతుంది. బెంగళూరులో చేసే సింగిల్ మాల్ట్ విస్కీకి అది 10 శాతం దాటుతుంది. మే నెలలో మా వన్‌టౌన్ గోడౌన్‌లో పెడితే ఎంత మిగులుతుందో మరి!

నేను ఒక్క గుక్క, నీళ్లు కలిపి రుచి చూశాను. ఘాటు తగ్గాక వేయించిన ధాన్యం వాసన, అచ్చం అమ్మ మాల్ట్ డబ్బా మూత తీసినట్టు.

ఆ బట్టీ మెడ ఫొటోని నాన్న అజ్జరంలో తనకి తెలిసిన ముసలి మేస్త్రీకి పంపారు. వంపు తిరిగే చోట అతుకు ఎక్కడ పడిందో, రేకు ఎన్ని ముక్కలో కనుక్కోమన్నారట ఆయన. తమ్ముడికి చెప్పాను. ఈసారి వెళ్లినప్పుడు దగ్గరగా ఫొటో తీసి పంపుతానన్నాడు.