తురాయి దుంగ మీద పసుపు ముద్ద

మంగళవారం రాత్రి

పొద్దున్న ఆరున్నరకు పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే గేటు దగ్గర నలుగురు మూగి ఉన్నారు. జూన్‌లో గాలివానకు కూలిన తురాయి చెట్టు దుంగలు ఇంకా ప్రహరీ పక్కనే నానుతున్నాయి. తీసుకుపోతామన్న వాళ్ళు రెండు నెలలుగా ‘రేపు వస్తాం’ అంటూనే ఉన్నారు. ఆ దుంగల్లో ఒకదాని మీద, అరచేయంత మేర, పసుపుపచ్చని ముద్ద. గుడ్డు సొనలో పసుపు కలిపి గిలక్కొట్టి కుమ్మరించినట్టు ఉంది.

“రాత్రి పదింటికి గేటు వేసేటప్పుడు టార్చి వేసి చూశానమ్మా, అప్పుడు లేదు” అన్నాడు వాచ్‌మన్, మూడడుగుల దూరం నుంచే.

అమావాస్య వెళ్ళి రెండు రోజులైంది. పైగా ఈ రోజు మంగళవారం. ఇక చెప్పేదేముంది! మూడో అంతస్తు పిన్నిగారు పోయిన నెల పార్కింగ్ దగ్గర ఎవరితో గొడవైందో గుర్తుచేసి, వాళ్ళ కిటికీ వైపు ఓ చూపు చూసింది. మా అత్తయ్య అయితే చెప్పుల్లేకుండా ఆ పక్కకు వెళ్ళవద్దని నాకు ఆజ్ఞ జారీ చేసింది. నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. కూడలిలో పగిలిన గుమ్మడికాయ, కుంకుమ కనిపిస్తే స్కూటీని ఒక పక్కకు తిప్పుకుని పోయే మనిషినే నేనూ.

అయినా వంగి చూశాను. పసుపు వాసన లేదు, తడిసిన చెక్క వాసనే. ముద్ద పై అంచు విసనకర్రలా విచ్చుకుని ఉంది. అందులోంచి చేతి మీద నరాల్లాంటి సన్నని పాయలు చీలి, బెరడు పగుళ్ళలోకి దూరుతున్నాయి. ఒక పాయ చిన్న పుట్టగొడుగును చుట్టుకుంది. ఇదంతా చూశాక అసలు సంగతి తట్టింది: ఎవరైనా పోసింది అయితే కిందికి జారాలి కదా, ఇది దుంగ మీద పైకి ఎక్కుతోంది!

ముగ్గు వేసే సుద్దముక్క తెచ్చి, దాని అంచు దగ్గర బెరడు మీద గీత గీశాను. “ఎందుకమ్మా దానితో మీకు” అన్నాడు వాచ్‌మన్. ఆఫీసుకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం డబ్బా తింటూ ఫోనులో వెతికాను. శాస్త్రీయ నామం ఫూలిగో సెప్టికా. ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం కుక్క వాంతి. పప్పన్నం తింటూ చదవదగిన పేరు కాదు. జిగురు బూజుల జాతిది. బూజు అనడమే గానీ అది శిలీంధ్రం కాదు, మొక్క కాదు, జంతువూ కాదు. అమీబాలకు చుట్టం. అరచేయంత ముద్ద మొత్తం ఒకే కణమట, లోపల మాత్రం లెక్కలేనన్ని కేంద్రకాలు. బాక్టీరియాను, శిలీంధ్ర బీజాలను మింగుతూ పాకుతుంది. 1973లో అమెరికాలో డల్లాస్ దగ్గర ఒకరి పెరట్లో ఇది కనిపిస్తే అక్కడివాళ్ళు వేరే గ్రహం నుంచి వచ్చిందేమోనని హడలిపోయారట. స్వీడన్‌లో దీన్ని ట్రోల్‌స్మోర్ అంటారు, అంటే భూతాల వెన్న. మెక్సికోలో కొన్నిచోట్ల లేతగా ఉన్నప్పుడు వేయించుకుని తింటారని చదివి డబ్బా మూత పెట్టేశాను.

దీని బంధువు ఇంకొకటి ఉంది, ఫైసారమ్. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని చిక్కుదారిలో పెడితే, రెండు చివర్ల ఉన్న ఆహారాన్ని కలిపే దగ్గరి దారి పట్టుకుంది. 2010లో టోక్యో చుట్టుపక్కల ఊళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా ఓట్స్ పలుకులు, మొత్తం 36 చోట్ల పెట్టి వదిలారు. 26 గంటల్లో అది అల్లిన దారులు అక్కడి రైలు మార్గాలకు దీటుగా వచ్చాయి. మెదడు లేదు, నాడులు లేవు. సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో మారడానికి ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ, మియాపూర్ దగ్గర ఒక ఓట్స్ పలుకు, నాగోలు దగ్గర ఒకటి పెడితే ఈ పసుపు ముద్ద ఏ దారి వేసేదో అనుకున్నాను.

చిన్నప్పుడు తాతయ్య వాళ్ళ ఊళ్ళో కంచె మీద ఆకుల్లేకుండా, వేరు నేలను తాకకుండా పచ్చని దారాల్లా పరుచుకునే తీగ ఉండేది. పక్క మొక్క రసం పీల్చి బతికే పరాన్నజీవి అది. దానికి మనవాళ్ళు సీతమ్మ పోగునూలు అని పేరు పెట్టుకున్నారు. రెండు కొక్కేలతో నల్లగా బట్టలకు తగులుకునే కాయను తేలుకొండికాయ అన్నారు. ఈ ముద్దకు మాత్రం ఇంట్లో పిలుచుకునే పేరేదీ నాకు దొరకలేదు. పాఠ్యపుస్తకాల జిగురు బూజు అనే పేరుతో అత్తయ్యకు ఏమని చెప్పను?

ఆరున్నరకు ఇల్లు చేరి తిన్నగా దుంగ దగ్గరికే వెళ్ళాను. సుద్దగీత దాటి రెండు వేళ్ళ మందం పైకి వెళ్ళింది. వాచ్‌మన్‌కు చూపించాను. గీతను, ముద్దను, నన్ను మార్చి మార్చి చూశాడు. “నడుస్తుందంటే ఇంకా భయమే కదమ్మా” అన్నాడు. అతను చెప్పిందీ నిజమే.

గురువారం ఉదయం

ముద్ద కదలడం మానేసింది. పసుపు వెలిసి, ఎండిన పెరుగు మీగడలా పైన పెచ్చు కట్టింది. పుల్లతో గీకితే లోపలి నుంచి ముదురు గోధుమరంగు పొడి పొగలా లేచింది. అదే దాని బీజాలు. వానకూ గాలికీ ఎక్కడికి పోతాయో, మళ్ళీ ఏ దుంగ మీద తేలతాయో.

దుంగ పక్కన కొత్తగా ఒక నిమ్మకాయ, రెండు ఎండుమిరపకాయలు ఉన్నాయి. వాచ్‌మన్ తాను పెట్టలేదన్నాడు. పిన్నిగారూ కాదంది. పైకి వచ్చి చేయి కడుక్కుంటుంటే వంటింట్లోంచి అత్తయ్య గొంతు: “సాయంత్రం వచ్చేటప్పుడు నిమ్మకాయలు తీసుకురామ్మా, అయిపోయాయి.”