ఏడు అక్షరాలు

మొన్న వినాయక చవితి అయిదో రోజు రాత్రి, నల్లకుంటలో మా అపార్టుమెంటు సెల్లారులో నలభైమంది చేత పేకముక్కలు చింపించాను. మనిషికి నాలుగు చొప్పున 160 ముక్కలు కావాలి. కోఠీలో నాలుగు పేకలు కొన్నాను, కాగితంవే. ప్లాస్టిక్ పేక చిరగదు.

"ఒక ముక్క తీసుకోండి, నాకు చూపించకండి" అనే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. అందులో ముక్క తీసినవాళ్ళకు పనేమీ ఉండదు, నా తెలివిని చూసి మెచ్చుకోవడం తప్ప. ఈ గారడీలో నేను పేకను ముట్టను. అంతా చూసేవాళ్ళ చేతుల్లోనే జరుగుతుంది. దీన్ని కల్పించింది స్పెయిన్ మాంత్రికుడు వూడీ అరగోన్.

మీరూ చేసి చూడండి. నాలుగు ముక్కలను కలిపి మధ్యకు చింపి, ఒక దొంతర మీద రెండో దొంతర పెట్టండి. ఎనిమిది సగాలు. మీ పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని సగాలను పైనుంచి ఒక్కొక్కటిగా అడుగుకు పంపండి. రవి అయితే రెండు, అన్నపూర్ణమ్మ అయితే అయిదు. ఎంతైనా ఒకటే, దొంతర చక్రంలా తిరుగుతుంది కాబట్టి ఏ సగానికైనా దాని జత నాలుగు స్థానాల దూరంలోనే ఉంటుంది. ఇప్పుడు పై మూడింటిని కలిపి తీసి మధ్యలో ఎక్కడైనా దూర్చండి. పైకి వచ్చిన సగాన్ని చూడకుండా ఒళ్ళో దాచుకోండి. తర్వాత మీ ఇష్టం, పైనుంచి ఒక సగమో రెండు సగాలో పారేయండి. ఆపైన మంత్రం చదువుతూ, అక్షరానికి ఒకటి చొప్పున అడుగుకు పంపాలి. చివరగా ఒకటి అడుగుకు, ఒకటి నేలకు, ఒకటి అడుగుకు, ఒకటి నేలకు... చేతిలో ఒక్కటే మిగిలేదాకా. అది ఒళ్ళో దాచిన సగానికి జత కావాలి.

ఈ చివరి లెక్కను గణితంలో జోసెఫస్ సమస్య అంటారు. ఆరు ఉంటే అయిదోది, అయిదు ఉంటే మూడోది మిగులుతుంది. దాచిన సగానికి జత మంత్రానికి ముందు దొంతర అడుగున ఉంటుంది. ఆరున్నా అయిదున్నా దాన్ని సరైన చోటికి చేర్చాలంటే మంత్రానికి ఏడు అక్షరాలుండాలి.

నిరుడు నేను తప్పు చేసింది అక్కడే. "మన హైదరాబాదు" అని పెట్టాను. కాగితం మీద లెక్కపెడితే సరిగ్గా ఏడు. కానీ మనం నోటితో "హైదరాబాద్" అంటాం. వనస్థలిపురంలో మా పిన్నిగారింట్లో పన్నెండుమందితో చేయిస్తే అయిదుగురికే జత కలిసింది. మిగిలినవాళ్ళు "బాద్"ను ఒకే అక్షరంగా పలికి ఆరుతో ఆపేశారు. వాళ్ళలో నాలుగో తరగతి పిల్ల ఒకతె "నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఏ తప్పూ చేయలేదని, మాట ఎంచుకోవడంలో నాదే పొరపాటని అప్పుడే చెప్పాను. అయినా ఆ పిల్ల ముఖం చాలా రోజులు నన్ను వదల్లేదు. మనుషుల చేతికి గారడీ ఇచ్చినప్పుడు, అది విఫలమైతే ఆ బరువూ వాళ్ళ చేతిలోనే పడుతుంది. అది పడకుండా చూడటమే నా పని.

ఈ ఏడాది "మన భాగ్యనగరం" అన్నాను. మ, న, భా, గ్య, న, గ, రం. చివరి సున్నా "రం"లోనే ఒదిగిపోతుంది, ఎవరు పలికినా ఏడే.

ముక్కలు పంచుతుంటే మా ఎదురింటి మామ్మగారు ముఖం చిట్లించారు. "దేవుడి ముందు పేకా, అమ్మాయీ?"

"ఆడటానికి కాదు మామ్మగారూ, చింపడానికి."

ఆవిడ నావైపు కాసేపు చూసి చెయ్యి చాచారు. ఆవిడ తమ్ముడు పేకాటలో రెండెకరాల మాగాణి పోగొట్టుకున్న సంగతి మా అంతస్తులో అందరికీ తెలుసు. కొత్త ముక్కను చింపడానికి చాలామందికి చేతులు రావు. మామ్మగారు నాలుగింటినీ ఒక్కసారిగా పట్టుకుని, పళ్ళు బిగించి చింపారు.

నలభై గొంతులు ఒక్కసారి "మన భాగ్యనగరం" అంటుంటే సెల్లారు మారుమోగింది. సగాలు రాలిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఒళ్ళో దాచిన సగాన్ని తీసి చేతిలో మిగిలినదాని పక్కన పెట్టమన్నాను. వెనక వరుసలో ఎవరో కేక వేశారు, ఆ వెంటనే అందరూ.

మామ్మగారి దగ్గరకు వెళ్ళాను. ఆఠీను రాణి. చిరిగిన అంచులు అతికినట్టు కలిశాయి. ఆవిడ ఆ గీత మీద వేలితో రెండు మూడుసార్లు రాశారు.

"ఎవరు కలిపారు ఇది?"

"మీరే."

ఆవిడ నా సంచిలో మిగిలిన ముక్కలవైపు చూశారు. "ఇంకో నాలుగు ఇవ్వు. రేపు మా తమ్ముడు వస్తాడు, వాడి చేత చింపిస్తాను."